పదిహేడో ప్రశ్న

నాలుగో రోజు కూడా అన్నం కంచం వెళ్ళింది వెళ్ళినట్టే వెనక్కి వచ్చింది.

"ముద్ద ముట్టలేదు. మంచినీళ్ళు మాత్రం తాగాడు," అంటూ కంచాన్ని వంటగట్టు మీద మోగేలా పెట్టింది భార్య. ఆ మోత ఆవిడ తమ్ముడి కోసం కాదనీ, తన కోసమేననీ దుబాసీకి తెలుసు. తెలిసినా తెలియనట్టు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆయన్ని దుబాసీగారని పిలవడం ఆ పరాయి దేశపు ఊళ్ళో మనవాళ్ళకి అలవాటు. చేసే ఉద్యోగం ఒక సరుకుల గిడ్డంగిలో గుమాస్తాగిరీ. అయినా మనవాళ్ళలో ఎవరికి ఆఫీసులో పనిపడినా, ఆస్పత్రిలో పనిపడినా పక్కన కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది ఆయనే. డ్రైవింగు లైసెన్సుల ఆఫీసువాళ్ళ దుబాసీల జాబితాలో మన భాషకి ఎదురుగా రాసి ఉన్న పేరు ఆయనదొక్కటే. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. నాలుగు రోజులుగా మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.

"ఏవండీ, మిమ్మల్నే."

"వింటున్నాను."

"వింటూ కూర్చుంటే అయిపోతుందా? రేపు పదింటికి రమ్మన్నారు వాణ్ణి పోలీసులు. వాడికి ఇక్కడి భాషలో దండం పెట్టడం తప్ప ఇంకో ముక్క రాదు. మాట్లాడే మనిషిని వాళ్ళే పెడతారట. ఆ వచ్చేవాడెవడో, వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తాడో లేదో..."

"నన్నే పెట్టారు."

ఆవిడ చెయ్యి కొళాయి మీదే ఆగిపోయింది. "మిమ్మల్నా?"

"మధ్యాహ్నం గిడ్డంగికి ఫోన్ చేశారు. మీ భాష మనిషొకడు, రోడ్డు ప్రమాదం కేసు, రాగలరా అన్నారు."

"అమ్మయ్య!" అనేసింది. అన్న మరుక్షణమే మొహం మారిపోయింది. కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వచ్చి ఎదురుగా నిలబడింది. "వాడు మీ బావమరిదని చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? పరీక్షనాడు కాగితం మీద సంతకం పెట్టాను కదా. అభ్యర్థికీ నాకూ చుట్టరికం లేదని. ఇప్పుడు ఉందంటే ఆ కాగితం బయటికి తీస్తారు."

బల్ల అవతలి చివర పుస్తకాలు పరుచుకుని కూర్చున్న పాప తలెత్తింది. పాప అని పిలుస్తారు గానీ పదిహేనేళ్ళు నిండాయి. ఇక్కడే బడికి వెళ్ళింది, ఇక్కడి భాషలోనే దెబ్బలాడుతుంది, తప్పొప్పులు కూడా ఇక్కడివాళ్ళలాగే లెక్క చూస్తుంది. ఆ చూపంటే దుబాసీకి ఈమధ్య భయంగా ఉంటోంది.

"నాన్నా, ఒకటి అడగనా?"

"చదువుకో అమ్మా."

"మావయ్య బండి గుద్దిన చోట బోర్డు లేదు. నేను వెళ్ళి చూసొచ్చాను. బోర్డు లేని చోట కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి. అది మా బళ్ళో పదేళ్ళ పిల్లలకి పెట్టే సైకిలు పరీక్షలో ఉంటుంది. మావయ్యకి అది తెలీదట! నిన్న నేను చెప్తే కొత్తగా విన్నట్టు విన్నాడు."

పాప పెన్ను పక్కన పెట్టి తండ్రి వైపు తిరిగింది.

"నువ్వేగా పరీక్షలో పక్కన కూర్చుని చదివి వినిపించావు. మరి ఎలా పాసయ్యాడు?"

దుబాసీకి ఏమీ తోచలేదు. ఎప్పుడూ చేసే పనే చేశాడు. కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడవబోయాడు. ఒంటిమీద పంచె లేదు, పాంటు ఉంది. చొక్కా అంచు పట్టుకున్నాడు.

పాప ఆయన చేతుల్లోని కళ్ళజోడు వైపు చూసింది. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఒక వేళాకోళం నడుస్తోంది. దుబాసీ ఎప్పుడు కళ్ళజోడు తీసినా సరే, ఆయన బావమరిది ఎక్కడున్నా "అదే రైటు!" అని అరిచేవాడు. బజారులో రెండు చొక్కాలు పట్టుకుని ఏది బాగుందని అడుగుతుంటే ఆయన కళ్ళజోడు తీశాడు. "అదే రైటు!" ఆ చొక్కాయే కొన్నారు. అందరూ నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా పాప కూడా నవ్వేది.

"ఓ," అంది పాప. "కళ్ళజోడు."

అంతకుమించి ఏమీ అనలేదు. పుస్తకాలు ఒక్కొక్కటిగా మూసి, గుండెకి హత్తుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది దుబాసీకి.

భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడిగింది నేనే," అంది కాసేపటికి. "కాదనను. రెండుసార్లు తప్పాడు, మూడోసారి కూడా తప్పితే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తానన్నాడు. టైల్స్ మోసే బండి నడపలేని మేస్త్రీ నాకెందుకన్నాడు. వాడు ఏడో తరగతితో ఆపేశాడు, ఆ పరీక్ష పుస్తకం చూస్తేనే చెమటలు పట్టేవి వాడికి. నా తమ్ముడు కదా అని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుంటే మీ సొమ్మేం పోయిందన్నాను కూడా."

"అన్నావు."

"కానీ చేసింది మీరు. చెయ్యనని ఒక్క మాట అనుంటే నేనేం చేసేదాన్ని? నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. అంతేగా!"

ఇందులో ఆవిడ చెప్పనిది ఒకటుంది. ఆవిడ మొదట అడిగింది ఏదో ఒకటి చెయ్యమని మాత్రమే. కళ్ళజోడు ఆయనకే తట్టింది. సరైన జవాబు చదువుతున్నప్పుడు తీసి తుడుచుకోవడం, అది కూడా అన్ని ప్రశ్నలకీ కాదు, ఆ మేస్త్రీ బావమరిది తన మొహంకేసి చూసినప్పుడు మాత్రమే. వెనకాల కూర్చున్న ఆఫీసు మనిషికి అనుమానం రాదు. అంత తెలివైన ఉపాయం తట్టినందుకు ఆ సాయంత్రం కాస్త గర్వపడ్డాడు కూడా పెద్దమనిషి.

"ఇది నా ఒక్కడి సంగతి కాదు," అన్నాడు. "ఇంతవరకూ పదకొండుమందికి చదివి వినిపించాను. ఒక్కరికీ ఇలా చెయ్యలేదు, నీకు తెలుసు. ఇది బయటపడితే ఆ పదకొండుమందినీ అనుమానిస్తారు. అందరి లైసెన్సులూ ఆపేస్తారు. అందులో ఒకాయన అంబులెన్సు నడుపుతున్నాడు."

"వాళ్ళమీద జాలితోనా మీకు నిద్రపట్టనిది?"

ఆయన కప్పులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"పాప అంతా చదివి చెప్పింది నాకు," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "దారి అవతలివాళ్ళదని తెలిసి కూడా గుద్దితే జైలు. ఆ తర్వాత ఇక్కడ ఉండనివ్వరు. తెలియక చేస్తే లైసెన్సు పోతుంది, జరిమానా వేస్తారు, మనిషి ఇంట్లో ఉంటాడు. వాడికి నిజంగానే తెలీదు కదండీ! ఆ ఒక్క ముక్క చెబితే చాలు."

"తెలీదంటే, మరి పరీక్షలో ఎలా పెట్టావంటారు."

ఆవిడ లేచి, కంచంలోని చల్లారిన అన్నాన్ని గిన్నెలోకి తీసేసింది.

వీధి తలుపు దగ్గర గూట్లో పక్కింటివాళ్ళ ఉత్తరాలు మూడు పడి ఉన్నాయి. కొత్తగా వేసిన పోస్టు మనిషికి ఇళ్ళు తెలియక వీళ్ళ పెట్టెలో వేసి పోతున్నాడు. పాత ఆవిడైతే ఏడేళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు వెయ్యలేదు. సైకిలుకి రెండు పక్కలా సంచులు వేలాడేసుకుని, పార్సిలు ఉంటే బెల్లు రెండుసార్లు మోగించి, పాపని పేరు పెట్టి పిలిచి ఇచ్చేది. ఇప్పుడావిడ తుంటి ఎముకా ఎడమ కాలూ విరిగి ఆస్పత్రిలో ఉంది. ఆ మూడు ఉత్తరాలూ పట్టుకెళ్ళి పక్కింట్లో ఇవ్వడానికి ఈ ఇంట్లో ఎవరికీ మొహం చెల్లడం లేదు.

మేస్త్రీ పాప గదిలో ఉంటున్నాడు, కాగితాల మీద చిరునామా మాత్రం కాంట్రాక్టరుది. దుబాసీ తలుపు తోసేసరికి మంచానికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రసమట్టం. అందులో గాలిబుడగ అటూ ఇటూ కదులుతుంటే దాన్నే చూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పరిచిన గచ్చులో వీసమెత్తు వాలు ఉన్నా కంటితోనే కనిపెట్టేస్తాడు. బావగారిని చూసి లేవబోయాడు.

"కూర్చో, కూర్చో."

కూర్చోలేదు. మంచం మీది దుప్పటి సర్ది ఆయన్ని కూర్చోబెట్టాకే మళ్ళీ నేలమీద చతికిలబడ్డాడు.

"ఆవిడెలా ఉందట బావగారూ?"

"ఆపరేషన్ అయిందట."

"ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను."

"కేసు తేలేదాకా వెళ్ళకూడదు."

"వెళ్ళి మాత్రం ఏం చేస్తాను! కాళ్ళు పట్టుకుందామంటే ఆ కాలే విరిచాను."

మేస్త్రీ ఒళ్ళోని రసమట్టాన్ని తిరగేశాడు.

"హారన్ కొట్టాను బావగారూ. రెండుసార్లు కొట్టాను. ఆవిడ నావైపు చూసింది కూడా. చూసింది కదా, ఆగుతుందనుకున్నాను. ఆవిడా నన్ను చూసి, నేనే ఆగుతాననుకుందేమో."

అక్కడే వచ్చింది చిక్కంతా. మన ఊళ్ళో హారనంటే పలకరింపు. వస్తున్నాను, కాస్త చూసుకో తల్లీ అని చెప్పుకోవడం. అది కొట్టకుండా వచ్చినవాడే తప్పు చేసినవాడు. ఇక్కడ అలా కాదు. బస్టాపులో నిలబడి చూసిన ఇద్దరూ పోలీసులకి ఒకటే చెప్పారు. బండివాడు హారన్ కొట్టాడు కాబట్టి ఆవిణ్ణి చూశాడు, చూసి కూడా బ్రేకు తొక్కలేదు. మేస్త్రీ మర్యాద అనుకుని చేసింది అతని మెడకే చుట్టుకుంది.

"పాప చెప్పింది. బోర్డు లేని చోట కుడివైపు వాళ్ళకి దారివ్వాలటగా. సైకిలైనా సరేనట."

"అవును."

"మనకి పరీక్షలో వచ్చిందా అది?"

"వచ్చింది."

"ఎన్నోది?"

దుబాసీకి బాగా గుర్తుంది. తెరమీద బొమ్మ. పెద్ద వీధిలోంచి ఒక బండి, కుడిపక్క సందులోంచి ఒక సైకిలు. ముందు ఎవరు వెళ్ళాలి? పెద్ద బండి అన్న మొదటి జవాబు చదవగానే మేస్త్రీ వేలు ముందుకి కదిలింది. మీట నొక్కబోతూ అలవాటుగా బావగారి మొహంకేసి చూసి ఆగాడు. ఆయన మూడో జవాబు దగ్గర కళ్ళజోడు తీశాడు. నలభై ప్రశ్నల్లో ముప్పైనాలుగు రైటయితే పాసు. మేస్త్రీకి సరిగ్గా ముప్పైనాలుగే వచ్చాయి. బండి నడిపి చూపించడం అతనికి కష్టం కాలేదు, అందులో ఎవరి సాయమూ లేదు.

"పదిహేడోది," అన్నాడు దుబాసీ.

"నేను రైటే పెట్టానా?"

"రైటే పెట్టావు."

మేస్త్రీ తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. ఆ తల ఆగితే ఏమడుగుతాడోనని దుబాసీ గోడకేసి చూశాడు. ఏమీ అడగలేదు. అడగకపోవడం అతని మంచితనమని అర్థమై దుబాసీకి మరింత సిగ్గేసింది.

"రేపు నేనేం చెప్పాలో మీరే చెప్పండి. అదే చెప్తాను. మీ మాట పోయే పని మాత్రం నేను చెయ్యను. ఇంతమందిలో మీకున్న పేరు నా మూలాన పోకూడదు."

ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి, నాకు తెలీదని చెప్పెయ్యి, ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను. ఈ మాటలు చెప్పాలనే దుబాసీ ఆ గదిలోకి వచ్చాడు. వాటిని వరసగా పేర్చుకుని మరీ వచ్చాడు. తీరా నోరు తెరిచేసరికి, "అడిగినదానికి జవాబు చెప్పు. చాలు," అన్నాడు.

"మీరు పక్కనే ఉంటారుగా?"

"ఉంటాను."

"ఇంకేం మరి!" మేస్త్రీ రసమట్టాన్ని పక్కన పెట్టాడు. "అక్కని అన్నం పెట్టమనండి బావగారూ."

నాలుగు రోజుల ఆకలి. తలొంచుకుని గబగబా తింటున్న తమ్ముణ్ణి చూసి భార్య కళ్ళు ఒత్తుకుంది. వడ్డిస్తూనే మొగుడి వైపు తిరిగి నెమ్మదిగా, "ఏం చెప్పారు వాడికి?" అంది.

"ఏమీ చెప్పలేదు."

అది నిజమే.

మర్నాడు ఇద్దరూ వేరువేరు బస్సుల్లో వెళ్ళారు. ఒకే ఇంట్లోంచి ఒకేసారి వచ్చినట్టు కనపడకూడదు కదా! దుబాసీ ముందు బయల్దేరాడు. భార్య ఇస్త్రీ చేసిన చొక్కా అందించింది గానీ ఎప్పటిలా గుమ్మందాకా రాలేదు. వంటింట్లోంచే, "నేనేం చెప్పను. ఒకసారి చెప్పినందుకే చాలు," అంది. పాప బడికి వెళ్తూ ఆయన పక్కనుంచే వెళ్ళింది. బస్టాపుదాకా ముందు పాప, వెనక తండ్రి. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

స్టేషన్లో బల్లలన్నీ గోడ పొడుగునా వేసి ఉన్నాయి. దుబాసీ ఒక చివర కూర్చున్నాడు. పావుగంటకి మేస్త్రీ వచ్చి, ఆయన్ని చూసి, చూడనట్టు మొహం తిప్పుకుని రెండో చివర కూర్చున్నాడు. బజారులో కళ్ళజోడు ఎంచిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు మోకాళ్ళ మీద బోర్లించి, గోళ్ళలో మిగిలిపోయిన సిమెంటు కనపడకుండా వేళ్ళు ముడిచి పెట్టుకున్నాడు.

పిలిచిన అధికారిణి యాభై ఏళ్ళావిడ. తెల్లబడ్డ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మాట మెత్తన. దుబాసీకి మంచినీళ్ళు తెప్పించింది.

"మీలాంటివారు లేకపోతే మా పని నడవదండీ. లైసెన్సుల ఆఫీసువాళ్ళు మీ గురించి చాలా మంచిగా చెప్పారు," అంది.

పొగడ్త ఆయనకి తేలు కుట్టినట్టుంది.

"పద్ధతి మీకు తెలిసిందే. ఈ గదిలో ఎవరు ఏం మాట్లాడినా రెండో భాషలోకి చెప్పాలి. నేనన్నది ఆయనకి, ఆయనన్నది నాకు, మీరన్నది ఇద్దరికీ. ఏదీ మిగలకూడదు. ముందుగా ఒకటి అడగాలి. మీకూ ఈయనకీ చుట్టరికం ఏమైనా ఉందా?"

"లేదు," అన్నాడు దుబాసీ.

ఆవిడ కాగితం మీద గీత గీసి, చేత్తో మేస్త్రీ వైపు చూపించింది. ఆయనకీ చెప్పండి అని.

దుబాసీ బావమరిది వైపు తిరిగాడు. పెళ్ళినాడు తన చెప్పులు దాచేసి ఊరంతా తిప్పినవాడు. పాప పుట్టినప్పుడు తనకంటే ముందు ఎత్తుకున్నవాడు.

"నాకూ మీకూ చుట్టరికం లేదని చెప్పానండీ."

"సరేనండీ," అన్నాడు మేస్త్రీ, నేలచూపులు చూస్తూ.

దుబాసీ ఆ "సరేనండీ"ని కూడా అధికారిణికి అప్పజెప్పాడు. పద్ధతి అదే మరి.

తర్వాత ప్రశ్నలు తేలిగ్గానే సాగాయి. బండి ఎవరిది? కాంట్రాక్టరుది. ఎక్కడినుంచి వస్తున్నారు? పని దగ్గర్నుంచి. ఎంత వేగం? ముప్పై ఉంటుంది. తాగారా? లేదండీ, ఎప్పుడూ తాగను. ఫోను చూస్తున్నారా? లేదు. హారన్ కొట్టారా? కొట్టాను. ఈ మాట అన్నాక మేస్త్రీ ఇంకేదో కలపబోయి, బావగారి మొహం చూసి ఆపేశాడు.

అధికారిణి మరో కాగితం తీసి బల్లమీద దుబాసీ వైపు జరిపింది.

"అసలు సంగతి ఇదే. ఇందులో మూడున్నాయి. మూడూ చదివి వినిపించండి. ఏది నిజమో ఆయన చెప్పాలి. తొందరేం లేదు, పరీక్షలో చదువుతారే, అలాగే నిదానంగా చదవండి."

దుబాసీ ముందు తనలో తాను చదువుకున్నాడు. మూడోది చదివేసరికి చెమట పట్టింది. జేబురుమాలు కోసం తడుముకుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. తెలియకుండానే గొంతు పరీక్షనాటి గొంతయింది.

"ఒకటి. సైకిలు మీద వస్తున్న మనిషిని చూశాను. దారి ఆవిడకివ్వాలని నాకు తెలుసు. అయినా ముందు నేనే వెళ్ళిపోవచ్చనుకుని బండి ఆపలేదు."

నుదుటిమీది చెమట జారి కంట్లో పడింది. భగ్గుమంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

తుడుచుకుంటుండగా తెలిసింది ఏం చేశాడో. గబుక్కున పెట్టేసుకున్నాడు.

"రెండు. ఆవిణ్ణి నేను చూడనే లేదు. మూడు..." దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "మూడు. చూశాను. కానీ అక్కడ దారి ఆవిడకివ్వాలన్న నియమం నాకు తెలియదు."

మూడోది ఎంత గట్టిగా చదవాలో అంత గట్టిగా చదివాడు. కానీ మేస్త్రీ వినడం ఎప్పుడో మానేశాడు. అతని భుజాలు సడలాయి. మోకాళ్ళమీద ముడుచుకున్న వేళ్ళు విప్పుకున్నాయి. తనకి అక్కర్లేని ఆలోచన ఎవరో తీసేసుకున్నట్టు మొహం తేటపడింది.

"మొదటిదేనండీ," అన్నాడు.

అనడంతో ఆగలేదు. కుడిచెయ్యి ఎత్తి అధికారిణికి కనపడేలా ఒక వేలు చూపించాడు. గోట్లో సిమెంటు ఉన్న వేలు.

ఆ వేలికి దుబాసీతో పనిలేదు. ఏ భాషవాళ్ళకైనా ఒకటే. అధికారిణి దాన్ని చూసి, కాస్త బాధగా నిట్టూర్చి, కలం మూత తీసింది.

మేస్త్రీ బావగారి వైపు తిరిగాడు. రైటే పెట్టానా అన్నట్టు చూశాడు. చూసి, చిన్నగా నవ్వాడు. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

కలం కాగితం మీదికి వంగింది.

"రాయకండి!"

అరిచింది తనేనని దుబాసీకి కాసేపటిదాకా తెలియలేదు. కలం ఆగింది. కానీ అధికారిణి అర్థంకానట్టు చూస్తోంది. అప్పుడు తెలిసింది, ఆ మాట తన భాషలో అన్నానని. గదిలో అది అర్థమైనవాడు మేస్త్రీ ఒక్కడే. అతని మొహంలో నవ్వు పోయింది. "వద్దు బావగారూ," అన్నాడు, పైకే.

అధికారిణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కలాన్ని పక్కన పెట్టి చేతులు కట్టుకుంది.

"మీరేదో అన్నారు. దానికి ఆయనేదో అన్నారు," అంది దుబాసీతో, అదే మెత్తటి గొంతుతో. "రెండూ నాకు చెప్పండి."